మూర్తి గారి పాస్‌వర్డ్ కొట్టిందెవరు?

పాస్‌వర్డ్ మార్చాకే కాఫీ తాగాలని మేనేజరు నరసింహమూర్తి గారు ఆ సోమవారం ఇంటి దగ్గరే నిర్ణయించుకున్నారు. రాజమహేంద్రవరంలో ఓ కంటి ఆసుపత్రి ఆఫీసు ఆయన చేతిలో ఉంది. పాత పాస్‌వర్డ్ సగం ఆఫీసుకి తెలిసిపోయిందని ఆయన అనుమానం. వచ్చీ రాగానే మార్చేసి, తృప్తిగా గ్లాసు అందుకున్నారు.

కాఫీ పూర్తికాకముందే కంప్యూటరు ఆయన్ని బయటికి నెట్టేసింది. ఎవరో పదేపదే తప్పు పాస్‌వర్డ్ కొడుతున్నారట, అందుకని లాక్ పడిందట. కంప్యూటర్లు చూసే ఎజ్రాకి ఫోన్ చేస్తే లాక్ తీశాడు. కాసేపటికి మళ్లీ పడింది.

గాజు తలుపులోంచి ఆయనకి కనిపించింది రిసెప్షన్లో టైపు చేస్తున్న సూర్యకళ ఒక్కతే. విసురుగా బయటికొచ్చారు.

"ఏమ్మా, నా పాస్‌వర్డ్‌తో నీకేం పని?"

"నాకేం పనండి? పేషెంట్ల పేర్లు ఎక్కిస్తున్నాను."

"ఇలాంటివి చాలా చూశాను. కీబోర్డు మీంచి చేతులు తియ్యి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెని దొంగని చూసినట్టు ఎవరూ చూడలేదు. చెవులు ఎర్రబడుతుండగా చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఈలోగా ఇంకో గొడవ. "ఇంకో గంటలో మీ వంతు, అప్పుడు రండి" అని పేషెంట్లకి కంప్యూటరే మెసేజ్‌లు పంపుతుంది. ఆ రోజు ఒక్కటీ వెళ్లలేదు. దాంతో తమ వంతు ఎప్పుడో తెలియక సాయంత్రం రావలసినవాళ్లు కూడా రావులపాలెం నుంచీ పట్టిసీమ నుంచీ పొద్దున్నే దిగిపోయారు.

"మెసేజ్ రాలేదేంటండి? మమ్మల్ని ఎప్పుడు చూస్తారు?" అని పాపాయి అనే పెద్దావిడ చేతికర్రతో నేలమీద కొట్టింది.

"ఈవిడే ఆపేసిందండి" అన్నారు మూర్తి గారు అందరి ముందూ.

జనం సూర్యకళ మీద విరుచుకుపడ్డారు. అంతలో మళ్లీ లాక్.

"నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి కదండి" అంది ఆమె పళ్లు బిగించి.

"అయితే ఫోన్లోంచి చేస్తున్నావు. ఇలా ఇయ్యి."

ఫోను ఆయన సొరుగులోకి పోయింది. లాక్ మళ్లీ పడింది. హ్యాండ్‌బ్యాగూ పోయింది. ఆఖరికి ఆమె కుర్చీని గోడవైపు తిప్పించారు.

మధ్యాహ్నం ఎజ్రా స్వయంగా వచ్చి, తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో చూశాడు. "మీ బల్ల కింద కంప్యూటర్లోంచేనండి" అన్నాడు, అందరూ వింటుండగానే.

"నా గదిలోకి ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండి. మెసేజ్‌లు పంపడంలాంటి, వాటంతట అవే జరిగే పనులన్నీ మీ పేరు మీదే ఉండాలని పట్టుబట్టారు కదా. అవి మీ పాస్‌వర్డ్‌తోనే లోపలికెళ్లాలి. మీరు మార్చారు గానీ వాటిల్లో మార్చలేదు. అవి పాతదే కొడుతున్నాయి. కుదిరేదాకా కొట్టమని పెట్టించింది కూడా మీరేనండి."

సూర్యకళ కుర్చీ ఇటు తిప్పుకుంది.

"నేనేదో అన్నాననుకో అమ్మా..." అని గొణిగారు మూర్తి గారు.

"అనుకోవడం ఏంటండి, అన్నారు. వీళ్లందరూ విన్నారు. ఇప్పుడు చెప్పేది కూడా వీళ్లందరికీ వినపడాలి."

పాపాయి ఒకడుగు ముందుకేసింది. తప్పు తనదేనని మూర్తి గారు చెప్పారు. వెనక వరుసకి వినపడలేదంటే మళ్లీ చెప్పారు. సూర్యకళ ఫోనూ బ్యాగూ తీసుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికెళ్లిపోయింది. సాయంత్రందాకా పేషెంట్ల పేర్లు ఆయనే ఎక్కించుకున్నారు.

వాటంతట అవే జరిగే పనుల కోసం ఎజ్రా ఏ మనిషికీ చెందని అకౌంటు ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డ్ విడిగా భద్రపరిచాడు.

అప్పట్నుంచి ఆఫీసులో ఏం చెడినా మూర్తి గారు ఆ అకౌంటునే తిడుతున్నారు. అది ఇంతవరకూ ఎదురు చెప్పలేదు.