షార్నీ ఏడ్చిన మంగళవారం

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి షార్నీ గోడ్‌బోల్డ్ పెట్టుకున్న పని ఒక్కటే: రొట్టెల కొట్టు ముందు నిలబడి ఏడవడం. కారణమేమీ లేదు. ఎదురుగా కారులో నక్కిన డెస్ అనే ఫొటోగ్రాఫరు చాటుగా తీసినట్టు ఫొటోలు తీయాలి. సాయంత్రం టీవీ వాళ్లు కొత్త సిరీస్ ఎవరికివ్వాలో తేల్చేలోగా అవి ఊరూవాడా తిరగాలి. డెస్‌ను రమ్మని కబురు పెట్టింది కూడా షార్నీయే.

ఆరేళ్ల కిందట ఒక రియాలిటీ షోలో ఆమె కాబోయే మొగుడి నెత్తిన కస్టర్డ్ గిన్నె బోర్లించింది. ఆ ఒక్క గిన్నె మీద మూడేళ్లు బతికింది. తరవాత మంచు మీద నాట్యం చేసే షోలో జడ్జి ఒళ్లో పడింది, అడవి షోలో పురుగులు తింది. ఇప్పుడు టైర్ల షాపులకు రిబ్బన్లు కత్తిరిస్తోంది. ఈ సిరీస్ జారిపోతే ఆమెను ఇక టైర్లు కూడా పిలవవు.

కళ్ల కింద ఉల్లిపాయ కాస్త గట్టిగానే రుద్దుకుంది. వాళ్లుండే కాన్వీ దీవి చుట్టూ కట్టిన వరద గోడ సముద్రాన్నయితే ఆపగలదు గాని, ఆ పూట షార్నీని ఆపలేకపోయింది.

పక్కింటి ఆడ్రీ చూసింది. ఏమైందని అడగడం అక్కడ మర్యాద కాదు, ఊహించుకోవడం మర్యాదే. షార్నీకి ఉన్నదల్లా పెంచిన అమ్మమ్మ విన్నీ. ఆవేళ విన్నీ ఇంటి కర్టెన్లు ఇంకా మూసే ఉన్నాయి. ఆవిడ తెల్లారకముందే బస్సెక్కి మార్గేట్ సముద్రతీరానికి షికారు పోయిందని తెలియని ఆడ్రీ ఆ ఏడుపునూ ఈ కర్టెన్లనూ కలిపేసుకుంది.

"పోనీలే బంగారం. నిండుగా బతికింది," అంటూ భుజం నిమిరింది.

తన టీవీ బతుకు గురించే అనుకుంది షార్నీ. "ఇంకా అయిపోలేదు ఆంటీ. సాయంత్రం దాకా ఆశ ఉంది."

విన్నీ పోయిందనీ, పిల్లకు మతి చలించిందనీ ఆడ్రీ రొట్టెల కొట్టాయనకు చెప్పింది. ఆయన మాంసం కొట్టాయనకు చెప్పాడు. పదింటికల్లా విన్నీ గేటు పూలతో మూసుకుపోయింది. మెట్ల మీద పరామర్శకు తెచ్చిన వంటకాలు పదకొండు చేరాయి. పచ్చికలో బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బువాళ్లు జెండా సగానికి దించారు. చివరికి పాస్టరుగారు వచ్చి షార్నీ చెయ్యి పట్టుకుని, విన్నీకి ఇష్టమైన కీర్తన ఏదని మెల్లగా అడిగారు.

అప్పుడు అర్థమైంది షార్నీకి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది. కారులోంచి డెస్ ఆగొద్దని సైగ చేశాడు. కీర్తన పేరు చెప్పేసింది.

మూడున్నరకు టీవీ వాళ్లు ఫోన్ చేశారు. డెస్ ఫొటోలూ విన్నీ కబురూ వాళ్లదాకా చేరాయట; సిరీస్ ఆమెదే. అంత్యక్రియలతో మొదలుపెడతారట, కెమెరాలు బయల్దేరాయట.

నాలుగింటికి కెమెరాలూ మార్గేట్ బస్సూ ఒకేసారి వచ్చాయి. విన్నీ దిగి, గేటు చూసి, కళ్లజోడు పెట్టుకుని పూలకు కట్టిన కార్డులు ఒక్కొక్కటే చదవసాగింది.

"'ఇలాంటి పొరుగు మళ్లీ దొరకదు.' ఆడ్రీ, నువ్వేనా రాసింది? నా చెత్తడబ్బా మీద కౌన్సిల్‌కు ఏడు ఫిర్యాదులు రాసిన చెయ్యేనా?"

ఆడ్రీ పూలల్లోకి చూసింది. విన్నీ మనవరాలి వైపు తిరిగింది.

"ఏ కీర్తన చెప్పావే?"

షార్నీ గొణిగింది.

"అది మీ తాతకిష్టం. నాకు చచ్చినా పడదు."

కెమెరామన్లు నవ్వాపుకోలేకపోయారు. టీవీ వాళ్లు అక్కడికక్కడే సిరీస్‌ను విన్నీకి ఇచ్చేశారు. మరి మనవరాలి మాటేమిటని ఆవిడ అడిగితే, ఆ అమ్మాయి ఏడుపులో సహజత్వం తక్కువన్నారు.

ఒప్పందంలో ఒకే ఒక్క షరతు: ఆరు భాగాలూ పూర్తయ్యేదాకా విన్నీ నిజంగా పోకూడదు. ఆలోచించుకుని చెబుతానంది విన్నీ.