నా జంబం, ఓడీల్ జంబలాయా

మా చర్చి పండగలో పెద్ద ఇనప బాన దగ్గర నిలబడి, కోడిమాంసం, సాసేజ్ కలిపి వండే జంబలాయా అన్నాన్ని తిప్పే తెడ్డు నలభై ఏళ్లుగా సాస్తెన్ గారి చేతిలోనే ఉండేది. ఈ ఏడు ఆయనకు మోకాళ్ల ఆపరేషన్ అయింది. డాక్టరు నిలబడవద్దన్నాడు. ఇక తెడ్డు ఎవరికి ఇవ్వాలన్నది మా ఊరు ఒపెలూసాస్‌లో అన్నిటికన్నా పెద్ద సమస్య అయి కూర్చుంది.

"నాకిచ్చెయ్యండి," అన్నాను నేను క్షవరం షాపులో, ముఖం నిండా నురగతో. ముఖం సగం కనపడకపోతే మనిషికి ధైర్యం రెట్టింపవుతుంది.

"మీ ఇంట్లో జంబలాయా వండేది మీ ఆవిడ ఓడీల్ కదయ్యా లూసియెన్?" అన్నాడు పక్క కుర్చీలోంచి మా చర్చి డీకన్ హిప్పొలైట్. పండగ కమిటీకి పెద్ద ఆయనే.

"వడ్డించేది ఆవిడ. వండేది నేను."

"అయితే శనివారం మధ్యాహ్నం మీ ఇంటికొచ్చి రుచి చూస్తాం."

నురగ తుడిచాక కూడా నా ముఖం తెల్లగానే ఉంది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన చెయ్యి ఇది. దీనితో నేను వండింది ఒక్కటే, కోడిగుడ్డు. అదీ నీళ్లింకిపోయి, పేలి, వంటింటి కప్పుకు అతుక్కుంది.

ముందు ఓడీల్‌ని ఇంట్లోంచి పంపాలి.

"ఓడీల్, పాపం బాగా అలిసిపోయినట్టున్నావు."

"నా ముఖం ఎప్పుడూ ఇంతే. ఏం పగలగొట్టావు?"

"అబ్బే! శనివారం లాఫాయెట్ వెళ్లి మీ అక్కతో హాయిగా గడిపి రారాదూ?"

"మా అక్కతోనా? ఈస్టర్‌కి ఆవిడొస్తే ఫైరింజన్ సైరన్ అన్నావుగా!"

"ఊరికి సైరనూ అవసరమేగా."

బెండకాయలో పురుగును వెతుకుతున్నట్టు నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత, "సరే, వెళ్తాలే," అంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

శనివారం పొద్దున్నే ఆవిడ కారు మలుపు తిరగగానే నేను వంటింట్లో దిగాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఓడీల్ వంట పక్కనే కూర్చుని చూశాననుకున్నాను. నేను చూసింది కంచాన్నేనని అప్పుడు తెలిసింది.

కోడిమాంసం, సాసేజ్ ముక్కలు అడుగంటి గోధుమరంగుకు రావాలని మాత్రం తెలుసు. అవి గోధుమరంగుకు వచ్చాయి, అక్కడ ఆగలేదు. నలుపు కూడా గోధుమరంగుకు పెద్దన్నే కదా అనుకుని నీళ్లు పోశాను. రెండు గ్లాసుల బియ్యం అందులో అనాథల్లా కనిపించాయి. సంచీ మొత్తం కుమ్మరించాను. కారం చల్లబోతే సీసా మూత ఊడి, సీసాలో ఉన్నదంతా లోపలికి దూకింది.

పావుగంటకల్లా అన్నం లేచి మూతను టోపీలా ఎత్తి నాకు నమస్కారం పెట్టింది. సగం ఇంకో గిన్నెలోకి తోడాను, అది నిండితే ట్రేలోకి, అదీ నిండితే బకెట్లోకి. మిగిలింది నేల మీదికి పొంగింది. ఇంతలో పొగకి అలారం అరిచింది. మా వదినే వచ్చేసిందనుకుని హడలిపోయాను.

"లూసియెన్! ఇల్లు తగలబడుతోందా, వంట చేస్తున్నావా?" కంచె అవతలి నుంచి కేకేసింది యులాలీ పిన్ని. ఎనభై దాటినా చెవులూ ముక్కూ పాతికేళ్లవే.

"వంటే, పిన్నీ."

"అయితే ఫైరింజన్ వద్దు. ఫాదర్‌ని పిలవనా?"

అప్పుడే ఆవిడ కిటికీలోంచి ఓ వాసన వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

"పిన్నీ, మీ పొయ్యి మీద..."

"జంబలాయా. పెద్ద కుండ. తీసుకుపో, కుండ మాత్రం తిరిగివ్వు."

ఎందుకని ఆవిడ అడగలేదు. అడగనందుకు నేనూ ఆశ్చర్యపోలేదు. నా వంట పెరట్లో కోళ్లకు వేస్తే అవి దాని చుట్టూ ఓసారి తిరిగి, వరసగా గూట్లోకి వెళ్లి కూర్చున్నాయి.

డీకన్ వచ్చాడు. వెంట కమిటీలోని తీ-గ్రో వచ్చాడు. 'చిన్న లావు' అని చిన్నప్పుడు పెట్టిన పేరు, ఇప్పుడు 'చిన్న' అన్నది అబద్ధం. ఇద్దరూ మూడేసి ప్లేట్లు తిన్నారు. డీకన్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"టమాటా వేశావా?"

"దండిగా!"

"ఎర్రగా లేదే?"

"సిగ్గుపడని రకం టమాటాలండీ."

"మరి బియ్యం ఎప్పుడు వేశావు?"

"పదిన్నరకి."

"టైము కాదయ్యా. దేని తర్వాత వేశావని."

జవాబు దొరుకుతుందేమోనని కుండలోకి తొంగి చూశాను.

"ఉల్లిపాయ, సెలరీ, క్యాప్సికం మగ్గి, కోడిరసం మరిగాక," అంది వంటింటి గుమ్మంలోంచి ఓ గొంతు. "తర్వాత మూత తియ్యకూడదు. టమాటా అసలు లేదు."

ఓడీల్! నడుముకి ఏప్రన్, వెనక యులాలీ పిన్ని.

"నువ్వు లాఫాయెట్‌లో కదా ఉండాలి?"

"వీధి చివరిదాకా వెళ్లి, వెనక సందులోంచి పిన్ని ఇంటికొచ్చి ఈ జంబలాయా వండాను. నీ ముఖం మీది నురగ ఆరకముందే మంగలి భార్య ఫోన్ చేసిందిలే."

నేల చీలితే దూరిపోయేవాణ్ణే, కానీ నేల మీదంతా నా అన్నమే.

ఓడీల్ నన్ను వదిలేసి డీకన్ వైపు తిరిగింది. "ఇరవై ఏళ్లుగా సాస్తెన్ గారికి మసాలాలు కొలిచిచ్చింది నేను. తెడ్డు నీకు కావాలా అని ఒక్కరైనా అడిగారా?"

"ఆడవాళ్లు ఎప్పుడూ పట్టలేదమ్మా," నసిగాడు తీ-గ్రో.

"పట్టకపోవడం వేరు, పట్టనివ్వకపోవడం వేరు," అంది పిన్ని.

నేనూ తల దించుకున్నాను. అడగని వాళ్లలో మొదటివాణ్ణి నేనే. ఆ తెడ్డు మీద ఆవిడకి మనసుందని ముప్పై ఒక్క ఏళ్లు పక్కన కూర్చుని తిన్నవాడికి తెలియలేదు.

"బరువమ్మా, ఓడీల్," అన్నాడు డీకన్ నాలుగో ప్లేటు పెట్టుకుంటూ. "ఆ తెడ్డు నీ ఎత్తుంటుంది."

"ఈయన్ని ముప్పై ఒక్క ఏళ్లు తిప్పాను. బానలో తెడ్డు తిప్పలేనా?"

నవ్వాపుకోలేక తీ-గ్రోకి పొలమారింది. డీకన్ తినడం పూర్తి చేసి, లేచి ఓడీల్‌తో చెయ్యి కలిపాడు. "పండగరోజు పొద్దున్నే ఆరింటికి వచ్చెయ్యి."

"డీకన్ గారూ, మరి నేను?" అన్నాను.

"అది హెడ్ కుక్‌ని అడుగు."

హెడ్ కుక్‌కి ఆలోచించే అవసరమే రాలేదు.

పండగ రోజున ఓడీల్ చెక్కపెట్టె ఎక్కి, మూడొందల మంది చూస్తుండగా బానలో తెడ్డు వేసింది. సాస్తెన్ గారు చక్రాల కుర్చీలోంచి చప్పట్లు కొట్టారు. వెనక టేబుల్ దగ్గర ఎనభై పౌండ్ల ఉల్లిపాయలు తరుగుతూ నేను ధారగా కన్నీళ్లు కారుస్తున్నాను.

"పెళ్లాన్ని చూస్తే గర్వంగా ఉందా లూసియెన్?" అంది యులాలీ పిన్ని భుజం తట్టి.

"ఉల్లిపాయలు పిన్నీ," అన్నాను. సగం నిజం.

"లూసియెన్!" బాన దగ్గర నుంచి కేక వచ్చింది. "ఇంకా సన్నగా!"