ముఖాలు ఇక్కడ అప్పగించవలెను

ఎవరికీ తెలియకుండా ఏదైనా చదువుకోవాలనుకున్నవారు పట్టణంలోని అజ్ఞాత పఠన కార్యాలయంలో తమ ముఖం తీసి అప్పగించి, రసీదు తీసుకుని లోపలికి వెళ్ళాలి. జాకెట్లు కుట్టే సుభాషిణి మంగళవారం పదకొండింటికి అలాగే చేసింది. భర్త నుంచి విడిపోవడానికి చట్టం ఏమంటుందో ఆమె చదవాలి. ఆ సంగతి భర్త ప్రకాశానికి తెలిస్తే చెయ్యి చేసుకుంటాడు.

లోపల వరసగా మూడు గదులు. మొదటి గది గుమాస్తాకు వచ్చిందెవరో తెలుసు, ఏ పుస్తకానికో తెలియదు. మూడో గది గుమాస్తాకు ఏ పుస్తకానికో తెలుసు, ఎవరో తెలియదు. మధ్య గది గుమాస్తాకు ఏమీ తెలియదు. ఆ అర్హత మీదే ఆయనకు రెండుసార్లు ప్రమోషన్ వచ్చింది.

సుభాషిణి రెండు పేజీల నకలు తీసుకుని ఇంటికి వెళ్ళింది. మడత విప్పగానే కాగితం గట్టిగా పలికింది: "నేను కుమ్మరివీధి పద్నాలుగో నంబరు ఇంట్లో ఉన్నాను. నన్ను తెరిచింది సుభాషిణి." ప్రకాశం ఇంట్లో లేడు కాబట్టి సరిపోయింది. ఆమె దాన్ని బకెట్లో ముంచి నోరు మూయించింది.

మర్నాడు వెళ్ళి అడిగితే మొదటి గుమాస్తా విసుక్కున్నాడు.

"ఇంటికెళ్ళి విప్పొద్దని బోర్డు పెట్టాం కదమ్మా."

"ఎక్కడండీ?"

"మధ్య గదిలో. ఎవరికీ కనబడకుండా గోడవైపు తిప్పి పెట్టాం."

ఈసారి ఆమె నిబంధనలన్నీ పాటించింది. సొంత చెప్పులు, సొంత దగ్గు బయటే వదిలింది. అందరి ఎత్తూ ఒకటే ఉండాలన్నారు కాబట్టి మోకాళ్ళు వంచి నిలబడి చదివింది. కాగితం ముట్టలేదు.

పారదర్శకత కోసం కార్యాలయం ఏరోజు ఏ పుస్తకం చదివారో గుమ్మం దగ్గర నోటీసు అంటిస్తుంది. పేర్లుండవు కాబట్టి గోప్యతకు భంగం లేదు. సాయంత్రం ప్రకాశం ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ అన్నాడు, "విడాకుల పుస్తకం చదివొచ్చావంటగా."

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? ఈ ఊళ్ళో అక్కడ మొహం అప్పగించేది నువ్వొక్కదానివేగా."

మర్నాడు ఆమె అప్పగించిన ముఖం ఎడమవైపు వాచి ఉంది. 'స్వల్ప లోపంతో స్వీకరించడమైనది' అని గుమాస్తా రసీదులో రాశాడు.

"ఒక్కరే వస్తే మేం మాత్రం ఏం దాస్తాం? జనం రావాలమ్మా. జనంలో ఎవరు ఎవరో ఎవడికి తెలుస్తుంది?"

సుభాషిణి నాలుగు వీధులు తిరిగింది. "ఊరికే రండి వదినా, నాకు తోడు. ఆవకాయ కొలతలు చదువుకుని వచ్చేద్దురుగాని," అని గడపగడపకీ చెప్పింది. శుక్రవారం ఇరవై ఆరుగురు ఆడవాళ్ళు ముఖాలు అప్పగించి లోపలికి వెళ్ళారు.

మూడో గది దాటాక సుభాషిణి చూసింది. వంటల బీరువా దగ్గర ఎవరూ లేరు. ఇరవై ఆరుగురూ, మోకాళ్ళు వంచుకుని, విడాకుల బీరువా ముందు వరసలో ఉన్నారు. ఎవరు ఎవరని ఎవరూ అడగలేదు. ఆమె వెళ్ళి చివర నిలబడింది. కాసేపటికి గుమాస్తా వచ్చి వరస చెదరకుండా తాడు కట్టాడు.

సాయంత్రం నోటీసు పడింది: విడాకుల పుస్తకం ఒకటి, పాఠకులు ఇరవై ఏడు. పని నుంచి వస్తున్న మగవాళ్ళు ఆగి చదివారు. ప్రతివాడూ పక్కింటాయన గురించి జాలిపడి, ఇంటికెళ్ళి అన్నం పెట్టమన్నాడు.