గొడుగు వెంట వచ్చినవి

ఆ రోజు పొద్దున్నే గుమాస్తాగారు రెండు పనులు అనుకున్నారు. ఒకటి, గొడుగు బాగుచేసుకోవడం. రెండోది, సాయంత్రం ఆఫీసు పెద్దసారు ఇంటికి వెళ్ళి, వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసిన కూతురికి ఆయన బావమరిది విత్తనాల కంపెనీలో ఉద్యోగం ఖాయం చేసుకురావడం.

మొదటి పని చిటికెలో అయింది. గొడుగు మొన మీది తొడుగు ఎక్కడో ఊడిపోయింది. కూతురి బల్ల మీద బుల్లి రబ్బరు తొడుగు ఒకటి కనబడితే తీసి బిగించారు. కొలత తీసి చేయించినట్టు అమరింది.

"పురుగుల మీద పైచదువు చదువుతాను నాన్నా. దరఖాస్తుకి రేపే ఆఖరు," అంది కూతురు, బల్ల కింద దూరి ఏదో వెతుక్కుంటూ.

"పురుగులు జీతాలిస్తాయా తల్లీ?"

"పరిశోధన కేంద్రం వాళ్ళిస్తారు."

"విత్తనాల కంపెనీ ముందిస్తుంది."

ముసురు వెలిసిన సాయంత్రం. విశ్వవిద్యాలయం పొలాల కంచె పక్కన ఆయన గొడుగు ఊతంగా పొడుచుకుంటూ నడుస్తున్నారు. గాలి లేదు. బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి కాళ్ళ దగ్గరికొచ్చింది. తర్వాత ఇంకొకటి. వెనక్కి తిరిగి చూస్తే పొలంలోంచి పొగలా లేచి వస్తున్నాయి, చప్పుడు లేకుండా. ఆయన ఆగితే చుట్టూ తిరిగాయి. నడిస్తే వెంట వచ్చాయి. పైన వీధిదీపం వెలుగుతోంది, ఒక్కటీ దానివైపు పోలేదు. అదే ఆయనకు నచ్చలేదు.

వరండాలో పెద్దసారు తల్లి కూర్చుని ఉంది. గుమాస్తాగారి కాళ్ళ దగ్గరి పురుగులకేసి చాలాసేపు చూసింది.

"మా ఆయన పోయేముందు ఇలాంటిదే వచ్చి వాలింది నాయనా," అంది నెమ్మదిగా. "ఒక్కటే."

పెద్దసారు జాలీతలుపు తియ్యకుండానే పలకరించారు.

"ఒంట్లో ఎలా ఉంటోందయ్యా?"

"బాగానే ఉందండీ."

"అలాగే అనిపిస్తుందిలే. అమ్మాయి ఉద్యోగం గురించి బెంగపెట్టుకోకు. నువ్వున్నా లేకపోయినా ఇప్పిస్తాను."

తిరిగొస్తూ ఆయన వెంట వస్తున్న పురుగుల్ని లెక్కపెట్టబోయి మానేశారు. ఉద్యోగమైతే దొరికింది. ఇష్టంలేని ఆ కుర్చీలో కూర్చుని, కూతురు తనను జీవితాంతం ఎలా తలుచుకుంటుందో కళ్ళకు కట్టింది.

గడపలోనే చెప్పేశారు. "అమ్మడూ, నీ పురుగుల చదువే చదువుకో. అమ్మను జాగ్రత్తగా చూసుకో. నేను చూడ్డానికి ఉండకపోవచ్చు."

కూతురు ఆయన మొహం చూడలేదు. గొడుగు మొన చూసింది.

"నా ఎర! పొద్దుట్నుంచి వెతుకుతున్నాను. ఆడపురుగు వాసన పట్టించిన రబ్బరు నాన్నా అది. మగవన్నీ పెళ్ళాం అనుకుని వస్తాయి. దీన్ని బుట్టలో పెట్టి వాటిని పట్టుకోవాలి."

"ఇన్నేళ్ళకి మీ వెంటపడేవాళ్ళు దొరికారు," అంది లోపలినుంచి భార్య. "అదీ మగాళ్ళు."

గుమాస్తాగారికి ప్రాణం లేచొచ్చింది. "అయితే నేను పోవడం లేదు. ఉద్యోగమూ దొరికింది. ఇందాక అన్నది..."

"అన్నది అన్నట్టే," అంది భార్య. "నేను విన్నాను."

కూతురు రబ్బరును పట్టకారుతో ఊడదీసింది. "దీన్ని చేత్తో ముట్టుకున్నారా?"

"చేత్తోనే బిగించాను. పళ్ళతో కూడా లాగాను. సబ్బుతో పోతుందిగా?"

"మా ప్రొఫెసరుగారికి కుర్రతనంలో అంటిందట." కూతురు రబ్బరును సీసాలో వేసి మూత బిగించింది. "మొన్నే రిటైరయ్యారు, పురుగులతో సహా."

గుమాస్తాగారు వెళ్ళి కిటికీ మూశారు. అవతలినుంచి అద్దాన్ని ఎన్నో రెక్కలు ఎంతో మర్యాదగా తట్టాయి.