మొరంగడ్డకు మట్టెందుకు?

మొరంగడ్డ, గదే చిలగడదుంప, దాని మొక్కను మట్టిల పెట్టుడు పాపం! బాజాప్త చెప్తున్న. దానికి సీసానే స్వర్గం!

నమ్మరా? కోరుట్ల రోడ్డు మీద ప్రేమ్‌కుమార్ సార్ కొత్తగ పెట్టిన ల్యాబ్ చూడున్రి. తీగె కొసకు ఆవగింజ కన్న చిన్న ముక్క కోసి సీసాల పెంచిండ్రు. ఒక్క ముక్కకు వంద మొక్కలైనయ్! తెగులు లేదు, పురుగు లేదు. ఏసీ, ట్యూబ్‌లైట్, తిండికి చక్కెర! మనకున్నదా గా సుఖం?

గా ముక్క సారంగాపూర్ సారక్క చేనుదే. సారక్కకు సొంత భూమి లేదు. పది గుంటలు కౌలుకు పట్టి మొరంగడ్డ ఏస్తది, శివరాత్రికి అమ్ముకుంటది.

"నీ తీగెకు వైరస్ ఉన్నదక్కా. మొత్తం పీకి కాలవెట్టు, మా మొక్కలు ఫ్రీగ ఇస్తం" అన్నడు సార్. సారక్క కాలవెట్టింది.

మొక్కలు తయారైనయ్. ఇచ్చిండ్రా? ఎట్లిస్తరుల్లా, ఓపెనింగ్ కావద్దా! సిరిసిల్ల నుంచి చీఫ్ గెస్ట్ రావాలె. ఓ వారం ఆయనకు పెండ్లి ఉండె. ఇంకో వారం ఇంకో పెండ్లి. రిబ్బన్ కత్తిరించకుంట మొక్కకు వేర్లు దిగుతయా? ఏ బుక్కుల ఉన్నది?

సారక్క వారం వారం బస్సెక్కి అచ్చింది. "సారూ, అదును పోతున్నది. ఇప్పుడు నాటకుంటే శివరాత్రికి గడ్డ ఊరదు."

"ముట్టకక్కా! నీ చేతులకు మట్టి ఉన్నది, కంటామినేషన్!"

"మరి ఏ చేతులతోని నాటాలె సారూ?"

ఆఖరికి చీఫ్ గెస్ట్ అచ్చిండు. సీసాలకెళ్లి తీసిన మొక్కను కొన్ని దినాలు నీడల పెట్టి బయటి గాలి అలవాటు చెయ్యాలె. ల్యాబ్‌ల పనిజేసే సౌమ్య మొత్తుకున్నది: "సార్, ఎండల పెడితే చస్తయ్!"

"నీడల ఫొటో మంచిగ రాదమ్మా" అన్నడు సార్.

వందకు వంద మొక్కలు ఎండల టేబుల్ మీదికి! సారక్కను నవ్వుమన్నరు. నవ్వలే. ఇంకో టేక్. మల్లొకటి. నాలుగో టేకుకు మొక్కలు తలలు ఏలేసినయ్. పొద్దూకేసరికి అన్ని మాడినయ్. సైన్స్ ఏం తప్పు జేసిందో చెప్పున్రి! దాని పని అది సక్కగనే జేసింది. ఫొటో అచ్చిందా లేదా? అచ్చింది. గింకేం గావాలె?

సారక్క తెల్లారే కోనరావుపేటకు పోయింది. ఆడబిడ్డ శోభ చేనుల రెండు సంచుల తీగె కోసుకొచ్చి నాటింది. ఆలస్యమైంది గని వేరు వట్టింది.

మొన్న ల్యాబోళ్లు సారక్క చేనుల పే...ద్ద బోర్డు పాతిండ్రు: 'మా టిష్యూ కల్చర్ విజయం!' గుంత తవ్వనీకి ఐదు తీగెలు పీకి గట్టు మీద పారేసిండ్రు.

నేను ఉరికురికి పోయి, వీడియో తీద్దామని ఫోన్ పట్టుకున్న. సారక్క ఫోన్ గుంజుకొని నా చేతిల గడ్డపార పెట్టింది.

"మాట్లాడింది సాలుగని తమ్మీ, ముందుగాల గీ బోర్డు పీకు. గా తీగెలు ఎండకముందే మల్ల నాటాలె."