తిట్టడానికి ఒకడుండాలి

ఒక పెద్ద అడవిలో, పులి కూడా చీటీ పంపించి బయట కూర్చోవలసినంత పెద్ద విజ్ఞాన మండలి ఒకటి ఉండేది. వాగు ఒడ్డున గుహ, గుహ నిండా కంప్యూటర్లు, వాటి ముందు శాస్త్రజ్ఞులు. వానలకి ముందే వాగు ఎంత పొంగుతుందో లెక్కకట్టి అడవికి చెప్పడం వాళ్ళ పని. ఒక్క ఏడూ చెప్పిన పాపాన పోలేదు.

"ఏం చెయ్యమంటావు నాయనా, తోడేలు కంపెనీ సిస్టమ్ మొరాయించింది," అనేది వరదల శాస్త్రజ్ఞురాలు కొంగ.

ఆ కంప్యూటర్లని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ తోడేలు కంపెనీది. దాని లోపల ఏముందో ఎవరూ చూడకూడదు, తాళం కంపెనీ దగ్గరే ఉంటుంది. కాబట్టి కొంగ మాట నిజమో అబద్ధమో తేల్చే దారి లేదు.

పీచయ్య అనే గిజిగాడికి ఇది గుండెకోత. గిజిగాళ్ళు పాముల భయంతో నీటిమీదికి వంగిన కొమ్మలకే గూళ్ళు కడతారు. ఒక భయానికి దూరంగా జరిగి ఇంకో భయం ఒళ్ళో కూర్చోవడం పిట్టలకే కాదు, చదువుకున్నవాళ్ళకీ ఉన్న అలవాటే; అది వేరే కథ. నిరుడు చెప్పాపెట్టకుండా వాగు పొంగి పీచయ్య గూడు గుడ్లతో సహా కొట్టుకుపోయింది. ఈ ఏడు మళ్ళీ గూడు, మళ్ళీ గుడ్లు.

"అడ్డం సిస్టమే కదా, నేను తెస్తాను," అనుకున్నాడు.

గిజిగాళ్ళంతా తలో పోగూ వేసి అల్లుకున్న సిస్టమ్ ఒకటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, తెగితే ముడేసుకోవచ్చు. దాన్ని ముక్కున కరుచుకుని మండలికి పోయాడు.

"ఎంత?" అంది కొనుగోళ్ళ శాఖ ఉడుము.

"ఊరికేనండీ."

"ఊరికేనా!" అని ఉడుము నాలిక బయటపెట్టి లోపలికి లాక్కుంది.

పెళ్ళిలో రెండో కిళ్ళీ జేబులో వేసుకునే శాస్త్రజ్ఞుడు కూడా ఉచిత సిస్టమ్ అనేసరికి ముక్కు చిట్లిస్తాడు. లోకం తీరు అంతే.

డైరెక్టరు ఎలుగుబంటి గోళ్ళు చూసుకుంటూ అంది: "బాగానే ఉందయ్యా. రేపు ఇది చెడిపోతే ఎవర్ని తిట్టాలి?"

"అందరం కలిసి బాగుచేసుకుందామండీ."

"బాగుచెయ్యడం సంగతి ఎవడడిగాడు? తిట్టడం సంగతి చెప్పు. తోడేలుని ఇన్నేళ్ళుగా హాయిగా తిట్టుకుంటున్నాం. పదిమంది అల్లినదాన్ని ఎవరి పేరు పెట్టి తిడతాం?"

"తల్లీదండ్రీ లేని సరుకు," అని కొంగ మెడ ఊపింది.

పీచయ్యకి గుడ్లు కళ్ళముందు మెదిలాయి. "పోనీ నన్ను తిట్టండి."

గుహలో ఒక్కసారిగా ఉత్సాహం పుట్టింది. "అలా చెప్పవేం!" అంది ఎలుగుబంటి. మర్నాడే ప్రోత్సాహక సభ పెట్టి, శాస్త్రజ్ఞులంతా ఉచిత సిస్టమ్ వాడాలని తీర్మానించి, పీచయ్యకి శాలువా కప్పారు. ఫోటోలో ఎలుగుబంటీ శాలువా మాత్రమే పడ్డాయి.

సిస్టమ్ ఆగలేదు, మొరాయించలేదు. కొంగకి తిండి సయించడం మానేసింది. మబ్బులు పట్టగానే పీచయ్య వరద లెక్క విప్పి చూశాడు. ఒక్క అంకె లేదు. నిరుటిదీ లేదు, ముందటేడుదీ లేదు.

వాగు దగ్గరికి ఎగిరాడు. కొంగ నీళ్ళలో ఒంటికాలి మీద ఉంది.

"అమ్మా, మీరు ఏనాడూ నీళ్ళు కొలవనే లేదా?"

"కొలవడానికే కదయ్యా రోజూ నుంచునేది! మధ్యలో చేప వస్తుంది."

పీచయ్య ఆ కాలికేసి చూశాడు. నిన్న మోకాలి కిందున్న నీళ్ళు ఇవాళ మోకాలు దాటాయి. ఆ అడవిలో కొంగ కాలిని మించిన కొలబద్ద లేదు. ఆ సంగతి కొంగకే తెలియదు.

పరుగున పోయి ఎలుగుబంటితో చెప్పాడు.

"వరద సంగతి చెప్పడానికి శాస్త్రజ్ఞులున్నారు. నువ్వు సిస్టమ్ చూసుకో," అంది ఎలుగుబంటి.

ఆ సాయంత్రమే గిజిగాళ్ళు గూళ్ళని గుడ్లతో సహా గట్టు మీది తుమ్మచెట్టుకి మోసుకుపోయారు. తెల్లారేసరికి వాగు గుహలోకి వచ్చి కంప్యూటర్లని బయటికి తీసుకుపోయింది.

ఉడుము విచారణ జరిపింది. "లోపల చూసినవాడు పీచయ్య. వరద ముందే తెలిసినవాడు పీచయ్య. ఇల్లు మార్చుకున్నవాడూ పీచయ్యే. తిట్టమని తనే అన్నాడు కూడా. కనక ఈ వరద అతని నిర్వాకమే." ఉడుంపట్టు కదా, వదల్లేదు. పీచయ్య మండలి గడప తొక్కకూడదన్నారు.

"మంచిదండీ," అని పీచయ్య ఎగిరిపోయాడు. గూట్లో పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి మరి.

కొత్త కంప్యూటర్లతో తోడేలు కంపెనీ తిరిగొచ్చింది, ఈసారి రెండేసి తాళాలు వేసి. సిస్టమ్ మళ్ళీ మొరాయించిన రోజున కొంగ కడుపునిండా చేపలు తిన్నది.

నీతి: కుండ ఎంత ఖాళీగా ఉంటే మూత అంత గట్టిగా పెట్టవలెను.