క్లాసురూము కెమెరా చల్లగా ఉండాలి!

పిల్లలు ప్రేమలో పడటానికి సినిమాలే కారణమని ఇంకా నమ్ముతున్నారా? పాపం! ఈ రోజుల్లో ప్రేమను పెంచి పోషిస్తున్నది క్లాసురూము గోడకు బిగించిన కెమెరా. దాన్ని తల్లిదండ్రుల ఫోనులోకి తెచ్చిన యాప్‌ను ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మహానుభావుడికి దండేసి దండం పెట్టాలి!

అనుమానమా? మా వీధి మందుల షాపాయన్ని అడగండి. ఆయన కూతురు పదో తరగతిలో ఫస్టు ర్యాంకు. పరీక్షలు దగ్గరపడితే ఆ స్కూల్లో ఫస్టు ర్యాంకు పక్కన లాస్టు ర్యాంకును కూర్చోబెడతారు. చదువు అంటుకుంటుందని ఆశ! అలా ఆ అమ్మాయి పక్కకు వచ్చిపడ్డవాడి అసలు పేరు స్కూలంతా మరిచిపోయింది. "ఆవులింతా!" అంటేనే పలుకుతాడు.

చదువు అంటుకోలేదు. ఆవులింత అంటుకుంది! లెక్క చెబుతూ చెబుతూ ఆ అమ్మాయీ నోరు తెరిచింది. వాడు చూశాడు. ఇద్దరూ బెంచీ మీద తలలు వాల్చేసి ఒకటే నవ్వు.

షాపాయన ఫోనులో అంతా చూశాడు. చేతిలో దగ్గుమందు, ఎదురుగా కస్టమరు, గుండెల్లో రాయి! వెంటనే ప్రిన్సిపాల్‌కు ఫోను కొట్టాడు.

"మేడమ్, ముందు వాణ్ని అక్కణ్ణించి లేపండి!"

"ఇన్నేళ్లుగా మేం పడుతున్న అవస్థ అదేనండీ," అందావిడ. ఎలాగైతేనేం, వాణ్ని కిటికీ పక్క బెంచీకి మార్చింది.

యాప్ మహిమ చూశారా? పక్కపక్కనున్నప్పుడు అది స్నేహం. విడదీశాక ప్రేమైపోయింది! వాడు కిటికీ దగ్గర ఆవులిస్తాడు. ఇటు గోడ పక్కనుంచి ఆ పిల్ల ఓరగా చూసి, తనూ ఆవులిస్తుంది. మధ్యలో లెక్కల మాస్టారు. ఆయనా ఆవులిస్తాడు! చీటీ లేదు, మాట లేదు. ఏమని పట్టుకుంటారు?

ఆ సాయంత్రం షాపాయన మెల్లగా ఆరా తీశాడు.

"ఏంటమ్మా, క్లాసులో తెగ నవ్వుతున్నావట?"

"ఏం లేదు నాన్నా." గది తలుపు పడింది.

మర్నాడు షాపులో మళ్లీ యాప్ తెరిచాడు. అమ్మాయి ఆవులించి, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఇక్కడ ఈయనా ఆవులించాడు! ఆవులించి, తనకు తెలియకుండానే నవ్వేశాడు. వేలు ప్రిన్సిపాల్ నంబరు దాకా వెళ్లి ఆగిపోయింది. యాప్ వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాడు.

"అమ్మా, బొమ్మ వస్తోంది గానీ మా అమ్మాయి నవ్వు వినపడట్లేదు. సౌండ్ ఎక్కడ పెంచాలి?"

"మా కెమెరాకు సౌండ్ ఉండదు సార్. మీ పాపేగా, ఇంటికొచ్చాక వినండి."

"ఇంట్లో నవ్వదమ్మా."

అంచేత యాప్ కంపెనీవారికి నా మనవి. అయ్యా, ఆ మైకేదో త్వరగా పెట్టించండి! పరీక్షలైతే స్కూలు మూసేస్తారు. ఆ తర్వాత ఆ పిల్ల రోజంతా ఇంట్లోనే ఉంటుంది. ఇక ఆయనకు కూతుర్ని చూసుకునే దారేదీ?